మినీ కారు: ఆకృతి, పరిమాణం, వారసత్వ వివాదం

మినీ 1959 ఆగస్టు 26న బ్రిటన్‌లో విడుదలైన చిన్న కారు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ దీన్ని మొదట ఆస్టిన్ సెవెన్, మోరిస్ మినీ మైనర్ అనే రెండు పేర్లతో అమ్మింది. 2000 అక్టోబరులో తయారీ ఆగేనాటికి 53 లక్షలకు పైగా మినీలు తయారయ్యాయి. 2001 నుంచి ఆ పేరుతో బీఎండబ్ల్యూ సంస్థ కొత్త కారు చేస్తోంది. పాతదానికి ఇది వారసురాలా, పేరు మాత్రమే పంచుకుందా అని కార్ల ప్రియులు అప్పటినుంచీ తగువులాడుకుంటూనే ఉన్నారు.

1956 నాటి సూయెజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది. సంస్థ అధిపతి లెనార్డ్ లార్డ్ తక్కువ పెట్రోలుతో నడిచే అసలు సిసలు చిన్న కారు చేయమని ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌కు పురమాయించాడు. ఇంజన్ మాత్రం సంస్థ దగ్గర ఉన్నదే వాడాలన్నాడు. ఇసిగోనిస్ పది అడుగుల పొడవులో నలుగురు పెద్దవాళ్లకు చోటు చూపించాడు. 848 సీసీ ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ను దాని కిందనే ఆయిల్ సంప్‌లో ఇమిడ్చాడు. చక్రాలు పది అంగుళాలవి. సస్పెన్షన్‌కు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్లు వాడాడు. కారు నేల వైశాల్యంలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ దక్కింది. జారుడు అద్దాలు పెట్టడంతో తలుపుల లోపల మిగిలిన బోలు చోటు కూడా సామాను అర అయింది.

ఇసిగోనిస్‌కు ‘స్టైలింగ్’ అంటే చిన్నచూపు. బయటికి కనిపించే రేకుల అతుకులు, తలుపు బందులు చౌకగా, తేలిగ్గా చేయడం కోసం వచ్చినవే. నేడు అభిమానులు మురిసిపోయే ఆ ముద్దు రూపం లోపలి లెక్కల నుంచి పుట్టింది. వారసత్వ చర్చలో తరచు మరుగున పడే సంగతి ఇదే.

రూపం మార్చే ప్రయత్నం పాత మినీ కాలంలోనే ఒకసారి జరిగింది. 1969లో రాయ్ హేన్స్ గీసిన క్లబ్‌మన్‌కు నలుచదరపు ముక్కు పెట్టారు. అది 1980లో పోయింది. గుండ్రటి ముక్కు మరో ఇరవై ఏళ్లు బతికింది. అంతకుముందే 1964, 1965, 1967 మాంటే కార్లో ర్యాలీల్లో మినీ శక్తిమంతమైన రూపం కూపర్ ఎస్ గెలిచింది. 1966లో ముందుగా గమ్యం చేరినా, హెడ్‌లైట్ల నిబంధన సాకుతో అనర్హురాలైంది. పొదుపు కారుకు పోటీ కారన్న పేరు ఆ ర్యాలీలతోనే స్థిరపడింది.

అప్పటికి మినీని తయారుచేస్తున్న రోవర్ సంస్థను 1994లో కొన్న బీఎండబ్ల్యూ ముందు రెండు దారులు తెరుచుకున్నాయి. రోవర్ ఇంజనీర్ల బృందం 1997 జెనీవా ప్రదర్శనలో ‘స్పిరిచువల్’ అనే నమూనా చూపించింది. పొడవు 3.1 మీటర్లే, ఇంజన్ వెనక సీటు కింద, రూపంలో పాత మినీ పోలిక ఒక్కటీ లేదు. ఫ్రాంక్ స్టీఫెన్‌సన్ గీసిన మరో నమూనాలో గుండ్రటి హెడ్‌లైట్లు, తేలుతున్నట్టుండే పైకప్పు, నడిమి స్పీడోమీటర్ అన్నీ ఉన్నాయి. సంస్థ దీన్నే ఎంచుకుంది. వ్యాపారపరంగా అది సరైన నిర్ణయమే. కానీ ఆలోచనను వదిలి ముఖాన్ని ఉంచుకున్నారన్న పాత అభిమానుల ఫిర్యాదులో పస ఉంది. కుడి, ఎడమ స్టీరింగు రెండింటికీ ఒకే అమరిక సరిపోవాలని పాత కారులో మీటరును మధ్యన పెట్టారు. కొత్తదానిలో అది అలంకారమైంది, 2024 నాటికి పెద్ద గుండ్రటి తెరగా మారింది.

పరిమాణంపై గొడవ మరింత ముదిరింది. పాతది 3.05 మీటర్లు, 2001 నాటిది 3.63, 2014 నాటిది 3.82. వెడల్పూ బరువూ అలాగే పెరిగాయి. 2010లో వచ్చిన పెద్ద మినీ మోడల్ కంట్రీమన్ నాలుగు మీటర్లు దాటి, ఒకప్పుడు అదే బ్రిటిష్ వంశంలో పుట్టిన ఆస్టిన్ మ్యాక్సీని మించిపోయింది. ఎగతాళికి ఇంతకన్నా ఏం కావాలి? నేటి కంట్రీమన్ 4.4 మీటర్లు. ప్రమాద పరీక్షలు, ఎయిర్‌బ్యాగులు, పాదచారుల రక్షణకు ఎత్తు పెంచాల్సిన బానెట్ ఇందుకు కారణాలని సమర్థకులు అంటారు. పది అడుగుల పాత డొల్ల నేటి ఢీకొట్టే పరీక్షల్లో నిలవదన్నది నిజమే. అయితే ఇంత పెరిగినా మూడు తలుపుల మోడల్‌లో వెనక సీటు ఇరుకుగానే ఎందుకుందన్న ప్రశ్నకు ఆ జవాబు చాలదు. 2011లో చూపిన 3.42 మీటర్ల ‘రాకెట్‌మన్’ నమూనాను రెండు వర్గాలూ మెచ్చుకున్నాయి. అది ఉత్పత్తికి రాలేదు.

ఆనవాళ్ల మీదా తగువులున్నాయి. 2018లో వెనక దీపాల్లో బ్రిటన్ జెండా గీతలు పెట్టినప్పుడు, జర్మన్ సంస్థకు ఇంత దేశభక్తి దేనికని కొందరు వెక్కిరించారు. అయినా పెట్రోలు మినీ ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీలోనే తయారవుతోంది. మన అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పుట్టిన ఊరూ అదే. కొత్త విద్యుత్ మినీ కూపర్ మాత్రం చైనాలో తయారవుతోంది.

రాజీ పడనివారికి వేరే మార్గం ఉంది. విట్నీలోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత మినీ బాడీలను ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. తుప్పు పట్టిన కారులోని ఇంజన్, గేర్‌బాక్స్ తీసి వాటిలో బిగించుకుంటారు.