గ్రీన్ టీ: మందుగా వచ్చి రుచిగా నిలిచిన ఆకు

గ్రీన్ టీకంటూ వేరే మొక్క లేదు. ఇరానీ హోటల్లో మరిగే డికాక్షనూ, జపాను పింగాణీ కప్పులోని లేతాకుపచ్చ నీళ్లూ ఒకే మొక్క ఆకుల నుంచి వస్తాయి. దాని శాస్త్రీయ నామం కెమీలియా సైనెన్సిస్. తేడా అంతా ఆకు కోసిన తర్వాతి కొద్ది గంటల్లో ఉంది. తరిగిన వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేయకుండా వదిలేస్తే గాలి తగిలి నల్లబడతాయి. నలిగిన తేయాకులో జరిగేదీ అదే. ఆకులోని ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో రంగూ వాసనా మార్చేస్తుంది. ఆ మార్పును పూర్తిగా జరగనిస్తే బ్లాక్ టీ. కోసిన వెంటనే వేడి తగిలించి ఎంజైమును చంపేస్తే పచ్చదనం నిలుస్తుంది, అది గ్రీన్ టీ. యూరపుకు ఈ సంగతి చాలాకాలం తెలియదు. లినేయస్ అంతటివాడు 1762లో రెంటినీ రెండు జాతులుగా లెక్కగట్టాడు. 1840లలో చైనా తోటల్లో తిరిగిన స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్, రెండూ ఒకే మొక్క నుంచి తయారవుతాయని కళ్లారా చూసి రాశాకే ఆ భ్రమ వదిలింది.

ఈ పానీయం చరిత్రలో ఒక వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ముందు ఒంటికి మంచిదన్న మాట వస్తుంది. ఆ మాట నమ్మి జనం చేదును ఓర్చుకుంటారు. తర్వాతెప్పుడో ఎవరో ఒకరు దాన్ని రుచిగా కాచే ఒడుపు పట్టుకుంటారు.

చైనాలో టాంగ్ వంశం ఏలుతున్న రోజుల్లో తేయాకును ఆవిరి పట్టి, దంచి, అచ్చుల్లో బిళ్లలు కట్టి ఎండబెట్టేవారు. తాగే ముందు బిళ్లను నిప్పుసెగ మీద కాల్చి, పొడి చేసి, మరిగే నీళ్లలో వేసేవారు. అందులోకి ఉల్లికాడలు, అల్లం, రేగుపళ్లు, నారింజ తొక్కలు కూడా పడేవి. చూడబోతే అది పానీయం కన్నా కషాయానికే దగ్గర. 8వ శతాబ్దంలో టీ మీద ‘చాజింగ్’ అనే గ్రంథం రాసిన లూ యూ ఈ అలవాటు మీద మండిపడ్డాడు. అలా కాచింది మురికి కాలవ నీళ్లతో సమానమన్నాడు. ఆయన ఒప్పుకున్నది కాస్త ఉప్పు ఒక్కటే. సాంగ్ వంశం నాటికి మెత్తటి పొడిని గిన్నెలో వేసి, వేడినీళ్లు పోసి, వెదురు కవ్వంతో నురగ వచ్చేలా గిలక్కొట్టడం వచ్చింది. 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వూ, టీ బిళ్లల్ని కప్పంగా పంపనక్కర్లేదని, విడి ఆకు చాలని ఆజ్ఞ ఇచ్చాడు. దాంతో బిళ్లల తయారీ వెనకబడి, ఇనప మూకుళ్లలో ఆకు వేయించే పద్ధతి చైనా అంతటా స్థిరపడింది. హాంగ్‌జౌ దగ్గరి మేలురకం లాంగ్‌జింగ్ టీని నేటికీ మూకుట్లోనే అరచేత్తో అదిమి వేయిస్తారు. చైనా వదిలేసిన ఆవిరినీ కవ్వాన్నీ మాత్రం జపాను పట్టుకుని కూర్చుంది.

జపానులో టీ ప్రస్తావన 815 నాటికే ఉంది. ఆ ఏడు సాగా చక్రవర్తికి ఒక బౌద్ధ భిక్షువు టీ కాచి ఇచ్చాడు. కానీ ఆస్థానం గడప దాటకుండానే అది మరుగున పడింది. దాన్ని మళ్లీ లేపినవాడు ఎయిసాయి అనే జెన్ భిక్షువు. 1191లో ఆయన చైనా నుంచి తిరిగొస్తూ తేయాకు విత్తనాలు తెచ్చాడు. కొన్ని క్యూషూ దీవిలో నాటించి, కొన్ని క్యోటో దగ్గర తొగనొ కొండల్లోని కొజాన్‌జి ఆలయంలో ఉండే మ్యోయె అనే భిక్షువుకు ఇచ్చాడు. 1211లో ‘కిస్సా యోజోకి’ రాశాడు. టీ తాగి ఆయుష్షు కాపాడుకోవడం గురించిన పుస్తకమది. 1214లో కామకురలోని యువ షోగున్ మినమోతో సనెతొమో అంతకుముందు రాత్రి తాగిన సాకే మద్యం దిగక తలపట్టుకుని కూర్చున్నప్పుడు, ఎయిసాయి ఒక గిన్నె టీతో పాటు ఆ పుస్తకాన్నీ పంపాడని నాటి వృత్తాంతం ‘అజుమా కగామి’ చెబుతోంది. అంటే జపాను ఏలికలకు టీ పరిచయమైంది హ్యాంగోవరుకు మందుగా.

ఎయిసాయి వాదన తెలుగువాళ్లకు సులువుగా అర్థమవుతుంది. ఒంట్లో అయిదు అవయవాలు, ఒక్కోదానికి ఒక్కో రుచి. కాలేయానికి పులుపు, ఊపిరితిత్తులకు కారం, ప్లీహానికి తీపి, మూత్రపిండాలకు ఉప్పు, గుండెకు చేదు. జపాను తిండిలో మిగతా నాలుగూ ఉన్నాయి, చేదు ఒక్కటీ లేదు. అందుకే గుండె బలహీనపడుతోంది, ఆ లోటు టీ తీరుస్తుంది అన్నాడు. మన ఉగాది పచ్చడి లెక్కతో పోలిస్తే ఇందులో ఒకటి తక్కువ. ఆ ఆరోది వగరు. గ్రీన్ టీ నాలుక మీద మిగిల్చేది ముఖ్యంగా అదే. దానికి ఇంత సూటి మాట మన భాషలో ఉండగా తెలుగు ప్యాకెట్ల మీద ఎక్కడా కనిపించకపోవడం ఆశ్చర్యమే.

తర్వాతి శతాబ్దంలో మందు కాస్తా ఆటగా మారింది. తొగనొలో పండినది ‘అసలు టీ’, మిగతావి కావు అని పేరు. కప్పులోది ఏదో రుచి చూసి చెప్పాలి. దీని మీద పందేలు ఎంత ముదిరాయంటే, 1336లో అషికాగా ప్రభుత్వం విడుదల చేసిన కెన్ము నియమావళి టీ విందుల ముసుగులో సాగే జూదాన్ని నిషేధించింది. ఆ జూదగాళ్ల మూలంగానే జపానుకు నాలుక తేడాలు తెలిశాయంటే పెద్ద తప్పు కాదు. క్రమంగా పేరు క్యోటో దగ్గరి ఉజి తోటలకు దక్కింది. 16వ శతాబ్దంలో అక్కడి రైతులు చిగురు వేసే రోజుల్లో తోటల మీద రెల్లు, గడ్డి పందిళ్లు వేసి ఎండ తగలకుండా కప్పడం మొదలుపెట్టారు. ఆ నీడన పెరిగిన ఆకు పొడే మాచ్చా. టీ గురువు సెన్ నో రిక్యూ (1522–1591) తీర్చిదిద్దిన టీ సంస్కారంలో కవ్వంతో గిలక్కొట్టేది దాన్నే. అయితే ఆ నీడ తోటల ఆకు దొరలకూ ఆలయాలకూ పోయేది. రైతులూ కూలీలూ ముదురాకును ఎండబెట్టి మరగబెట్టి గోధుమరంగు నీళ్లు తాగేవారు.

ఆ గోధుమరంగును పచ్చగా మార్చినవాడు ఉజి పక్కన యుయాదాని అనే పల్లెలోని రైతు, నగతాని సోయెన్. ఏళ్ల తరబడి ప్రయత్నించి 1738లో ఒక పద్ధతి తేల్చాడు. లేత చిగుళ్లు మాత్రమే కోయాలి. కోసినవి కోసినట్టే ఆవిరి పట్టాలి. బొగ్గుల పొయ్యి మీద మందపాటి కాగితం పరిచిన పళ్లెం పెట్టి, ఆ కాగితం మీద ఆకును చేతుల్తో దులుపుతూ, నలుపుతూ, రెండు అరచేతుల మధ్య దొర్లిస్తూ ఆరబెట్టాలి. ఇప్పటికీ పోటీల కోసం, ప్రదర్శనల కోసం చేతితో చేసేవాళ్లున్నారు. ఆకు చేతికి అంటుకోవడం మానేదాకా ఆగకూడదు, తొందరపడి ఎక్కువ నొక్కితే చిట్లిపోతుంది. ఒక్క వాయికి కొన్ని గంటలు పడుతుంది, ఇంతా చేస్తే అయిదు కిలోల పచ్చాకుకు కిలో టీ తేలుతుంది. ఎండాక ఒక్కో ఆకు ముదురాకుపచ్చ సూదిలా నిలబడుతుంది. వేడినీళ్లు తగలగానే ఆ సూదులు విచ్చుకుని మళ్లీ చిగుళ్లవుతాయి.

సోయెన్ ఆ టీని మూటగట్టుకుని ఎదో నగరానికి వెళ్లాడు. నేటి టోక్యో అదే. అక్కడ యమమోతో కహెయ్ అనే వ్యాపారి దాన్ని కొని అమ్మకానికి పెట్టాడు. ఈ రకమే సెంచా. జపానులో ఈనాటికీ ఎక్కువగా తాగేది ఇదే. క్యోటో వీధుల్లో కావడి మోస్తూ టీ అమ్మిన బైసావొ అనే వృద్ధ భిక్షువు 1742లో సోయెన్ ఇంటికి వచ్చి, ఆ టీని నోరారా మెచ్చుకున్నాడు. బైసావొ అమ్మే కప్పుకు ధర లేదు, ఎవరికి తోచింది వారు వేసేవారు. ఆయన చుట్టూ చేరిన కవులూ చిత్రకారులూ దొరల సంస్కార నియమాల్ని పక్కనబెట్టి టీని కబుర్ల తోడుగా మార్చేశారు.

1859లో యొకొహామా రేవు విదేశాలకు తెరుచుకున్నాక పట్టు తర్వాత పెద్ద ఎగుమతి టీయే. దాన్ని ఎక్కువగా కొన్నది అమెరికా. అక్కడివాళ్లు గ్రీన్ టీలో పాలూ పంచదారా కలుపుకుని తాగేవారు. రంగు బాగా పచ్చగా కనబడటానికి ఆకుకు ప్రష్యన్ బ్లూ అనే అద్దకపు రంగు పూయడం కూడా ఆ వ్యాపారంలో ఉండేది. కల్తీ టీ దిగుమతిని అడ్డుకోవడానికి అమెరికా 1883లో చట్టం చేసింది. అమెరికా గిరాకీ కోసమే, టొకుగావా షోగున్ల పాలన పోయి జీవనోపాధి కోల్పోయిన వాళ్ల సమురాయిలు 1869 నుంచి షిజువోకా ప్రాంతంలోని మకినొహర బంజరును తోటలుగా మార్చారు. కత్తి పట్టిన చేతులు చిగుళ్లు కోశాయి. 20వ శతాబ్దం వచ్చేసరికి భారత్, సిలోన్ బ్లాక్ టీ కంపెనీల ప్రచారం ముందు అమెరికాలో గ్రీన్ టీ నిలవలేకపోయింది. బయట అమ్ముడుపోని సరుకుకు ఇంట్లోనే గిరాకీ వెతుక్కోవాల్సి వచ్చింది. మామూలు జపాను కుటుంబం రోజూ మంచి సెంచా తాగడం ఆ తర్వాతి సంగతే.

‘ఒంటికి మంచిది’ అన్న మాట ఈసారి ప్రయోగశాల నుంచి వచ్చింది. టోక్యోలోని రికెన్ సంస్థలో శాస్త్రవేత్త సుజుకి ఉమెతారో దగ్గర పనిచేసిన త్సుజిమురా మిచియో, సహచరుడు మియురాతో కలిసి 1924లో గ్రీన్ టీలో విటమిన్ సి ఉందని చూపింది. 1929లో ఆకు నుంచి క్యాటెచిన్‌ను వేరుచేసింది. 1932లో ఆమెకు దక్కిన డాక్టరేటు వ్యవసాయ శాస్త్రంలో ఒక జపాను మహిళకు వచ్చిన మొదటిది. వగరుకు కారణమైన పదార్థానికి అలా పేరు తెలిసింది. 1950 ప్రాంతంలో క్యోటోలో థియనిన్ బయటపడింది. నీడ తోటల టీలోని తియ్యటి కమ్మదనం దానిది. ఎండ తగిలితే ఆకులో థియనిన్ తరిగిపోయి క్యాటెచిన్లు పెరుగుతాయి. ఉజి రైతులు నాలుగు వందల ఏళ్ల కిందట పందిరి ఎందుకు వేశారో దీంతో తేలింది.

కాచే ఒడుపు రహస్యం కూడా ఇక్కడే ఉంది. థియనిన్ గోరువెచ్చని నీళ్లలోనూ దిగుతుంది. వగరు క్యాటెచిన్లు, కెఫీన్ బాగా దిగాలంటే నీళ్లు సలసల కాగాలి. అందుకే జపానులో సెంచాకు సుమారు 70 డిగ్రీల నీళ్లు వాడతారు. కాగిన నీళ్లను నేరుగా ఆకు మీద పోయరు. ముందు ఒక పాత్రలోకి, అక్కడి నుంచి కప్పుల్లోకి, తర్వాతే టీకుండలోకి ఒంపుతారు. పాత్ర మారినప్పుడల్లా దాదాపు 10 డిగ్రీలు దిగుతుంది. నిమిషం ఆగి కప్పుల్లో వంతులవారీగా పోసి, చివరి బొట్టు దాకా దింపేస్తారు. ఆకు నీళ్లలో నానుతూ ఉండిపోతే రెండో వాయి చెడుతుంది.

ఆరోగ్యం మాటకొస్తే, తూచిన ఆధారాలు ప్యాకెట్ మీది రాతలంత గొప్పగా లేవు, అలాగని కొట్టిపారేసేవీ కావు. జపానులోని మియాగి ప్రాంతంలో 40,530 మందిని 11 ఏళ్ల దాకా గమనించిన ఒహ్సాకి అధ్యయనం 2006లో వెలువడింది. రోజుకు అయిదు కప్పులు, ఆపైన తాగేవాళ్లలో, కప్పైనా తాగనివాళ్లతో పోలిస్తే మరణాలు 16 శాతం తక్కువ. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు 26 శాతం తక్కువ. క్యాన్సర్ మరణాల్లో తేడా లేదు. ఇది గమనింపే తప్ప ప్రయోగం కాదు. అన్ని కప్పులు తాగేవాళ్ల తిండీ బతుకూ కూడా వేరుగా ఉండొచ్చు. బరువు తగ్గుతారన్న ప్రచారాన్ని 2012లో కాక్రేన్ సమీక్ష పరిశీలించి, తగ్గేది లెక్కలోకి రానంత స్వల్పమని తేల్చింది. మాత్రల సంగతి మరీ జాగ్రత్త. గ్రీన్ టీ సారంలోని ఇజిసిజి అనే క్యాటెచిన్ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన మాత్రల రూపంలో పడితే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపించాయని యూరపు ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మామూలుగా కాచుకున్న టీకి సాధారణంగా ఆ భయం లేదని కూడా అదే చెప్పింది. టీ తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి రక్తం తక్కువున్నవాళ్లు భోజనంతో పాటు తాగకూడదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరును అడగాలి.

భారతదేశంలో గ్రీన్ టీ కొత్తదేం కాదు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 19వ శతాబ్దం నడుమ నుంచి తోటలున్నాయి. 1905 ఏప్రిల్ 4 భూకంపం వాటిని చాలావరకు తుడిచిపెట్టినా, అక్కడి గ్రీన్ టీ అఫ్గానిస్తాన్ దాకా పోయేది. కశ్మీరీల గులాబీరంగు ఉప్పు చాయ్‌కీ మూలం గ్రీన్ టీ ఆకే. తెలుగు ఇళ్లకు మాత్రం టీ పాలూ పంచదారతోనే వచ్చింది. గ్రీన్ టీ ఈ శతాబ్దంలో, పొట్ట తగ్గుతుందన్న ఆశతో, దారం కట్టిన సాచెట్ల రూపంలో వచ్చింది. ఎయిసాయి కాలంలోలాగే మళ్లీ మందుగా. దాన్ని మామూలు టీలాగే పొయ్యి మీద మరగబెట్టి, ఆ వగరు మింగలేక తేనె, నిమ్మరసం, అల్లం కలపడం మామూలైంది. లూ యూ చూస్తే మళ్లీ మండిపడేవాడే.

మొదటిసారి తాగి మొహం చిట్లించినవాళ్లు డబ్బా పక్కన పడేసే ముందు ఒక పని చేసి చూడొచ్చు. చంటిపిల్లలకు పాలు తిరగబోసి చల్లార్చినట్టే, కాగిన నీళ్లను రెండు గ్లాసుల్లో రెండు మూడుసార్లు తిరగబోసి, అప్పుడు సాచెట్ వేసి, నిమిషానికి తీసేయాలి.