సైకిలు త్రోవలో చరిత్ర: సెంటినరీ కాలనీ నుండి కోటిలింగాల వరకు



చరిత్ర యనగానే రాజుల వంశావళియు, యుద్ధముల తేదీలును మనకు స్ఫురించును. అవి గ్రంథములలో దొరకును. కాని ఒక పట్టణ మా చోటనే యేల పుట్టెను, ఒక కోట యా గట్టుమీదనే యేల వెలసెను, ఒక బండిబాట యా వాగు నా రేవుననే యేల దాటెను అను ప్రశ్నలకు సమాధానము నేలమీద నున్నది. దానిని చదువుటకు తగిన వేగము కావలయును. కారులో పోవువానికి ఊళ్లు పేరుపలకలుగా మాత్రమే కానవచ్చును. కాలినడకన పోవువాడు దినమునకు రెండు మూడూళ్లకు మించి చూడజాలడు. ఈ రెంటికి నడిమిది సైకిలు. దానిపై నెక్కినవానికి భూమి యెత్తుపల్లములు కాళ్లకే తెలియును.

సైకిలుకును చరిత్ర కలదు. 1817లో జర్మనీ దేశమున డ్రైసు అను నాతడు రెండు చక్రముల కొయ్యబండిని నడపెను. 1888లో డన్లపు గాలి నింపిన టైరును కల్పించెను. 1970 తరువాతి దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు పాత సైకిళ్లకు లావు టైర్లు తగిలించి కొండదారుల దిగసాగిరి. నేడు మన పిల్లలు గేరు సైకిలని పిలుచు కొండదారి సైకిలు దాని సంతతియే. మన బొగ్గుబాయిల సీమకు సైకిలు క్రొత్తది కాదు. షిఫ్టు కూత విని అన్నపుగిన్నె తగిలించుకొని బాయికి పోయిన కార్మికుల నడిగిన తెలియును. తండ్రులకు బ్రతుకుదెరువైన వాహనము బిడ్డలకు వినోదమైనది. ఆ వినోదమును విద్యగా మార్చుట యెట్లన్నదే నేటి ప్రసంగ విషయము.

సెంటినరీ కాలనీ పేరే ఒక చరిత్రపాఠము. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు చేరువ బొగ్గు నిక్షేపములను గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1989లో సింగరేణికి నూరేండ్లు నిండినవి. ఆ శతాబ్దిని తలపించునదే యీ కాలనీ పేరు. అయితే నూరేండ్లు మనుష్యుల లెక్క. ఈ నేలక్రింది బొగ్గు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వము ఇచ్చట పెరిగి, నీటిలో కూలి, మట్టిక్రింద మ్రగ్గిన చెట్లచేమల పరిణామము. ఆనాటికి మనుష్యుడే లేడు.

కాలనీకి చేరువనే రామగిరి ఖిల్లా యున్నది. గట్టు మొదటినుండి పైవరకు ప్రాకారములు, ద్వారములు, నీటిగుండములు కానవచ్చును. కాకతీయుల నాటి పేరును, గోలకొండ సుల్తానుల నాటి మార్పులును దీనియందు కలిసియున్నవి. పైకి సైకిలు పోదు, పోనీయను గూడదు. దానిని క్రింద నిలిపి నడచి యెక్కవలెను. ఎక్కి ఉత్తరముగా చూచిన గోదావరి లోయ పరచుకొనియుండును. ఏటి వెంబడి వచ్చు సేనను ముందుగా కనిపెట్టుటకు ఇంతకంటె తగిన చోటు లేదని అప్పుడు బోధపడును. కోట యిచ్చటనే యేల కట్టిరను ప్రశ్నకు ఆ చూపే జవాబు. మూలికలకును ఈ గట్టు ప్రసిద్ధము. శ్రావణమాసమున జనులును, వృక్షశాస్త్రము చదువు విద్యార్థులును ఇచ్చటికి వత్తురు.

ఇచ్చటినుండి తూర్పుగా పోవు త్రోవ మంథెనకు చేర్చును. అది వేదవిద్యకు పేరొందిన యూరు. గోదావరి యొడ్డున గౌతమేశ్వరాలయము కలదు. కాకతి రుద్రదేవుని 1163 నాటి హనుమకొండ శాసనమున, అతని తండ్రి రెండవ ప్రోలరాజు మంత్రకూటపు గుండరాజును శిక్షించినట్లున్నది. ఆ మంత్రకూటము మంథెనయే యని పలువురు చరిత్రకారుల తలంపు. ఈ నియోజకవర్గమునుండి 1957 మొదలు రెండు దశకములు శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు గారు 1991లో దేశ ప్రధానమంత్రి యైరి. ఏటి ప్రక్కనున్న యూరికి ఏటి వలన భాగ్యముతో పాటు భయమును కలదు. 2022 జూలై వరదలలో నీరు మంథెన వీధులలోనికి వచ్చినది.

పడమటి త్రోవ పెద్దపల్లి వైపునది. అచ్చట పెద్దబొంకూరు త్రవ్వకములలో ఇటుక కట్టడములు, మట్టివరల బావులు, వేలకొలది శాతవాహన నాణెములు బయల్పడినవి. దానికి ఆవల ధూళికట్టలో మట్టికోట యొకటియు, బౌద్ధస్తూప మొకటియు కలవు. స్తూపపు సున్నపురాతి పలకలపై పడగ విప్పిన ముచిలిందనాగుని శిల్పము చూడదగినది. ఆంధ్రులకు ముప్పది ప్రాకార నగరములున్నవని రోము దేశపు ప్లినీ మొదటి శతాబ్దమున వ్రాసెను. వాగు ప్రక్కన ఒక నగరము, మరియొక వాగు ప్రక్కన ఇంకొక నగరము ఎదురగుచుండగా సైకిలు తొక్కువానికి ఆ మాట అతిశయోక్తిగా తోచదు.

వాయవ్యముగా గోదావరి యెగువకు పోయిన, పెద్దవాగు ఏటిలో కలియుచోట కోటిలింగాల కలదు. ఇది యన్నిటికంటె ముఖ్యమైనది. ఇచ్చటి దిబ్బలపై దొరకిన నాణెములను సంగనభట్ల నరహరిశర్మ గారు ఏరి భద్రపరచిరి. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వానిని చదివిరి. పిమ్మట పురావస్తుశాఖవారు వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపిరి. గోభద్ర, నారన, కంవాయ, సమగోప యను అంతవరకు వినని రాజుల పేర్లును, చిముక శాతవాహనుని పేరును ఆ నాణెములపై వెలుగు చూచినవి. పురాణములు ఆంధ్రరాజులలో మొదటివానిగా చెప్పు సిముకుడు ఇతడే యని పలువురు పండితులు పోల్చిరి. శాతవాహనుల తొలి యిల్లు పైఠనమే యని వాదించువారు గోదావరి దిగువకు, మన వైపునకు, తిరిగి చూడవలసి వచ్చెను. బడిలో శాతవాహనుల పేర్లు వల్లించిన నా శిష్యులలో ఆ నాణెములు తమ గోదావరి యొడ్డుననే దొరకినవని యెరిగినవారు మిక్కిలి అరుదు.

గ్రామపెద్దలారా, ఇచ్చట నొక్క మాట గమనింపుడు. ఈ చరిత్రకు ద్వారము తెరచినది సైన్యము కాదు, సర్కారు కాదు. నేలమీద చూపు నిలిపి, దొరకినదానిని కరగించి అమ్ముకొనక, తెలిసినవారి చేతికిచ్చిన ఒక స్థానికుని బుద్ధి. ఆ బుద్ధి యిప్పుడు మఱింత యవసరము. ఎల్లంపల్లి జలాశయపు నీరు కోటిలింగాల యొడ్డును తాకినది. ఓపెన్ కాస్టు గనులు విస్తరించినచోట ఊళ్లు కదలినవి, బండిబాటలు తెగినవి, పాత గుట్టల నడుమ క్రొత్త మట్టిగుట్టలు లేచినవి. వెలుగునకు బొగ్గు వలెను, పంటకు నీరు వలెను. వానిని కాదనుట లేదు. కాని పోయిన బాట పేరు గూడ పోయినచో, రేపటివాడు ఏమని వెదకును? చేతులార మనము చేయు నష్టము వేరొకటి కలదు. పాటిగడ్డల మన్ను బలమైన యెరువని బండ్లకెత్తి చేలకు తోలుచున్నాము. రెండువేల యేండ్ల యూరు అట్లు కొన్ని యెండకాలములలో పొలములలో కలిసిపోవుచున్నది.

కావున నా విన్నపములు మూడు. మీ యూరి దిబ్బలు, రేవులు, పాత బాటలు, పాడుబడిన గుళ్ల పేర్లను ఒక పుస్తకమున వ్రాయించి బడిలో నుంచుడు. ఆ పేర్లు ఎరిగినవారు మీ తరముతో ముగియుదురు. నాణెమో, విగ్రహమో దొరకిన కలెక్టరునకు తెలియజేయుడు; చట్టము చెప్పునదియు నదియే. సైకిళ్లపై వచ్చు యువతీయువకులను పనిలేనివారని కసరక, అరుగుమీద కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, మీరెరిగిన త్రోవ చెప్పుడు. దిబ్బలమీదను, స్తూపముమీదను చక్రము పోనీయవలదని మందలింపుడు. వర్షమునకు మెత్తబడిన మట్టిలో లావు టైరు తీసిన చాలు మరునాటి వానకు కాలువ యగును. కాలువ వెంట పెంకులు, పూసలు, నాణెములు ఏటిలో పడును.

త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరికి మన సీమ నడిమి మజిలీ. ఆ యేటి యొడ్డున బొగ్గును త్రవ్వువారున్నారు, నీటిని నిలుపువారున్నారు. కథను నిలుపువారు మీరే కావలయును.