ఆసుపత్రి బిల్లు కట్టేదెవరు?

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారింది, పాత పేరు తిరిగొచ్చింది. ఆ పేరు కోసం జరిగినంత వాదన వైద్యానికి సంబంధించిన మరే విషయం మీదా జరగలేదనిపిస్తుంది. రోగి మంచం పక్కన కూర్చున్నవాళ్లకు కావలసింది మాత్రం వేరే ప్రశ్నకు జవాబు. బిల్లు ఎవరు కడతారు? ఏ దారిలో కడతారు? ప్రభుత్వాలు మారినప్పుడు మన దగ్గర వైద్యంలో నిజంగా ఏం మారిందో చూడాలంటే ఈ ప్రశ్ననే పట్టుకోవాలి.

1980లలో సర్కారు పని ఆసుపత్రులు నడపడం. ఎన్టీఆర్ హయాంలో, 1986లో, ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. జిల్లా, ఏరియా ఆసుపత్రులను చూసుకునే వైద్య విధాన పరిషత్‌కూ ఆ ఏడాదే చట్టం చేశారు. 1990ల మధ్యలో మొదలైన ప్రపంచ బ్యాంకు రుణ పథకం ఆ ఆసుపత్రులనే బాగుచేయడానికి ఖర్చయింది. అక్కడ నయం కాని జబ్బు వస్తే మాత్రం పేదవాడికి దిక్కు లేదు. గుండెలో చిల్లుతో పుట్టిన బిడ్డను బతికించుకోవాలంటే ఎమ్మెల్యే చేత ఉత్తరం రాయించుకుని ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవాలి. ఆ ఉత్తరం సంపాదించలేనివాళ్లు పొలం అమ్మారు, అమ్మడానికి పొలం కూడా లేనివాళ్లు బిడ్డను ఇంటికి తీసుకెళ్లిపోయారు.

2003 వేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు. 2004లో ఆయన అధికారంలోకి వచ్చాక 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అసలు మలుపు 2007 ఏప్రిల్ 1న వచ్చింది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైన రోజు అది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వైద్యం, అది చాలకపోతే మరో 50 వేలు. కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మంలోనే ఆరోగ్యమిత్ర బల్ల వేసుకుని కూర్చుంటాడు. కార్డు చూసి, కాగితాలు పంపి, అనుమతి తెప్పిస్తాడు. ఎమ్మెల్యే ఉత్తరంతో పనిలేదు. దయగా దొరికేది హక్కుగా మారింది. ఇంతటి మార్పు మన వైద్య చరిత్రలో మరొకటి లేదని నా నమ్మకం.

దానికి కట్టిన మూల్యమూ చిన్నది కాదు. అంతకుముందు ఆసుపత్రులు నడిపిన ప్రభుత్వం ఇప్పుడు వైద్యాన్ని కొనడం మొదలుపెట్టింది. డబ్బులో పెద్ద వాటా ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులకు వెళ్లింది. ఆపరేషన్‌కు డబ్బుంది, నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకు లేదు. పల్లెటూరి పీహెచ్‌సీ ఎప్పటిలాగే వెనకబడిపోయింది. మొదట బీమా సంస్థ ద్వారా నడిచిన పథకంలో 2008 నుంచి కొత్త చికిత్సలకు ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించింది. తర్వాత బీమా సంస్థ పూర్తిగా తప్పుకుంది.

ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఈ చట్రం దాటి బయటికి రాలేదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, పరిమితి రెండున్నర లక్షలకు పెరిగింది. ఆరోగ్యమిత్ర వైద్యమిత్ర అయ్యాడు. 2019లో మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. బిల్లు వెయ్యి దాటితే చాలు పథకం వర్తించేలా, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలనూ కలుపుకుంటూ జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం విస్తరించింది. ఎన్నికలకు కొన్ని నెలల ముందు, 2023 డిసెంబరులో, పరిమితి 25 లక్షలైంది. అదే నెలలో తెలంగాణలో కొత్తగా వచ్చిన రేవంత్ రెడ్డి ప్రభుత్వం తన పరిమితిని 10 లక్షలు చేసింది.

తెలంగాణలో ఆ ముందటి ప్రభుత్వం చేసిన ఒక పనిని విడిగా చెప్పాలి. 2017లో తెచ్చిన కేసీఆర్ కిట్‌తో సర్కారు దవాఖానాలో కాన్పు అయిన తల్లికి 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇచ్చారు. డబ్బు ప్రైవేటు ఆసుపత్రికి పోలేదు, తల్లి చేతికి వచ్చింది. ఆమెను ప్రభుత్వ దవాఖానాకు రప్పించింది. బస్తీ దవాఖానాలూ ఆ బాటలోనివే. 2007 నాటి చట్రానికి ఎదురు నడిచే ఆలోచన ఇది. ఇంకా పెద్దగా ఎదగవలసింది.

పరిమితి ఎంత పెంచినా బిల్లు చెల్లించకపోతే ఆ అంకె కాగితం మీదే ఉంటుంది. 2025లో బకాయిల కోసం రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. ఒకచోట కాంగ్రెస్, మరోచోట తెలుగుదేశం కూటమి అధికారంలో ఉన్నాయి. జబ్బు మాత్రం ఒక్కటే.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త దారి ఎంచుకుంది. రెండున్నర లక్షల దాకా బీమా సంస్థ కడుతుంది, ఆపైన 25 లక్షల దాకా పేద కుటుంబాలకు ట్రస్టు కడుతుంది. బీమాతో మొదలై ట్రస్టు చేతికొచ్చిన పథకం 18 ఏళ్లకు మళ్లీ బీమా వైపు తిరిగింది. ట్రస్టు ఆలస్యం చేస్తే జనం ప్రభుత్వాన్ని అడిగేవారు, ఎన్నికల్లో నిలదీసేవారు. బీమా సంస్థ ఓటు అడగదు. ఆపరేషన్‌కు అనుమతి రాలేదని గుమ్మంలోని బల్ల దగ్గర చెప్పినప్పుడు, లోపల బిడ్డను పడుకోబెట్టి వచ్చిన తల్లి ఎవరి దగ్గరికి వెళ్లాలో బీమా సంస్థతో చేసుకునే ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి.