తిరుత్తణి దారిలో గుడ్డు పొరటు

తిరుత్తణి కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి జెండాపై కోడిపుంజు ఉంటుంది. కొండ దిగి బజార్లోకి వస్తే సాయంత్రానికి తోపుడుబండ్ల మీద గుడ్లు చిటపటలాడుతుంటాయి. కృత్తిక నాడు మాత్రం మొక్కున్న ఇళ్లలో గుడ్డు ముట్టరు. ఆడికృత్తికకు పూలకావళ్లు వచ్చే రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. తిరువళ్లూరులో ఆ పథ్యం అమావాస్యకు. ఆనాడు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం, ఉప్పు కలపడానికి జనం వస్తారు. మిగతా రోజుల్లో ఈ రెండు ఊళ్ల మధ్య గుడ్డుకు అడ్డు లేదు. అయితే ఈ ధీమా పాతదేమీ కాదు.

తాతల కాలంలో గుడ్డంటే పెరటి కోడి పెట్టింది. అది తినడానికి కాదు, పొదగడానికి. ఒకటి తింటే ఒక పిల్ల తగ్గినట్టు లెక్క. నాలుగు పోగైతే ఇల్లాలు అమ్ముకుని ఉప్పో నూనో తెచ్చుకునేది. ఇంట్లో వండితే ముందు బాలింతకు, తరవాత చంటివాడికి. కారం మాటకొస్తే, పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మిరపకాయ దిగేదాకా దక్షిణాదికి మిరియమే దిక్కు. కాబట్టి మిరియాల గుడ్డును తమిళుల సొత్తనీ, ఎర్రకారం పొరటును మన సొత్తనీ పంచుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. నాలుగైదు వందల ఏళ్లు వెనక్కి వెళితే ఎవరి ఇంట్లోనైనా ఉన్నది మిరియమే.

గుడ్డును వీధిలోకి తెచ్చింది రైలని నా నమ్మకం. 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. తిరువళ్లూరు ఆ దారిలోదే. తరవాత అరక్కోణం నుంచి రేణిగుంట వైపు వేసిన లైను మీద తిరుత్తణి వచ్చి చేరింది. ఆమ్లెట్టు దొరల పళ్లెంలోది. అందులోకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కరివేపాకు తరిగి వేసింది మనవాళ్లు. దొరలు పోయారు, బ్రెడ్ ఆమ్లెట్టు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది.

రైలు కదలకుండానే ఊరు రాష్ట్రం మారింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక తిరుత్తణి ఆ జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంతోపాటు ఇటు వచ్చింది. దాన్ని తమిళనాట కలపాలని మా.పొ.శివజ్ఞానం వంటివారు చేసిన ఉద్యమం, పటాస్కర్ మధ్యవర్తిత్వం అయ్యాక 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరిదే ఈ కథంతా. ఆయన శాకాహారి కనక గుడ్డు కథలో ఆయన ప్రస్తావన ఇంతటితో సరి. ఆ దగ్గరి పళ్లిపట్టు వైపు ఇళ్లలో మాత్రం తెలుగూ పోలేదు, గుడ్డు పొరటూ పోలేదు. బయట బండి దగ్గర తమిళంలో పొడిమాసు అని అడిగి, ఇంటికొచ్చి పొరటు చేయమంటారు.

అసలు మలుపు ఫారాలతో వచ్చింది. తెలుగువాడైన బి.వి.రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. దళారులు చెప్పిందే ధరగా సాగి రైతు నష్టపోతుంటే, కోళ్ల రైతులను కూడగట్టి 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని నిలబెట్టారు. ఆ ఏడాదే తమిళనాట ఎం.జి.ఆర్. పౌష్టిక మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ భోజనంలోకి 1989లో కరుణానిధి హయాంలో పదిహేను రోజులకో గుడ్డు వచ్చింది. 2010 నాటికి వారానికి అయిదయ్యాయి. పెరటి గుడ్డును ఆశగా చూసిన పిల్లల మనవలకు అది బడిలో రోజువారీ తిండి అయింది. ఇవాళ ఆ సమన్వయ కమిటీ నామక్కల్‌కూ, చిత్తూరుకూ విడివిడిగా గుడ్ల ధర ప్రకటిస్తుంది. తిరుత్తణి ఆ రెంటిలో చిత్తూరుకే దగ్గర.

ఇక వంటిల్లు. 2011 సెప్టెంబరు 15న జయలలిత ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది తిరువళ్లూరు దగ్గరి కాక్కలూరులోనే. అల్లం వెల్లుల్లి నూరడం నిమిషం పనైంది. అయినా బండి దగ్గరి రుచి ఇంట్లో రాదని మొత్తుకునేవాళ్లున్నారు. తప్పు మసాలాది కాదు, పెనానిది. నాన్‌స్టిక్ పక్కన పెట్టి దోసెల ఇనప పెనం తీయండి. పొగ వచ్చేదాకా కాలనివ్వండి. నూనెలో ఉల్లిపాయ అంచులు ఎర్రబడ్డాక పచ్చిమిరప, కరివేపాకు, చిటికెడు పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద వేయాలి. టమాటా ఒక్కటి చాలు, నీరు ఇగిరిపోవాలి. కారం ఆ తడి మీదే చల్లాలి, వట్టి నూనెలో పడితే మాడి గొంతు పట్టుకుంటుంది.

అప్పుడు గుడ్లు. గిన్నెలో గిలకొట్టకుండా నేరుగా మసాలా మీద కొట్టండి. వెంటనే కలపొద్దు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలెడుతుంది, పచ్చసొనకు ఇంకొంచెం వేడి కావాలి. ఆ తేడా ఉన్న కాసేపూ ఆగితే తెల్లచారలు, పచ్చముద్దలు విడివిడిగా నిలుస్తాయి. గిలకొట్టి పోస్తే అంతా ఒకే రంగు పిండి. అట్లకాడ పెట్టి అడుగు నుంచి గీకుతూ రెండు మూడుసార్లు తిరగేసి, ఇంకా తడిగా ఉండగానే స్టవ్ కట్టేయాలి. మిగతాది పెనం వేడే చూసుకుంటుంది. చాలామంది ఇళ్లలో ఇక్కడే చెడుతుంది. పచ్చివాసన భయంతో మరో రెండు నిమిషాలు ఉంచి రబ్బరు చేస్తారు.

దించాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. ముందే వేస్తే ఘాటు ఉంటుంది గానీ వాసన పోతుంది. గుంటూరు కారం, మిరియం రెండూ ఒకే పెనంలో పడటం తిరుత్తణి వాళ్లకు వింత కాదు. చపాతీతో బాగానే ఉంటుంది, వేడన్నంలో ఇంకా బాగుంటుంది. పెరుగన్నంలోకి నంజుకోవాలంటే ఉప్పు ఒక రవ్వ ఎక్కువ వేయండి.