కొండమీది విద్యాపీఠములు – వాననీరు

విజయనగరమునకు చేరువలోనే రామతీర్థమున్నది. శ్రీరామనవమికి అక్కడికి వచ్చే భక్తులకు లెక్క లేదు. ఆ దాపుననే ఉన్న గురుభక్తులకొండను ఎక్కేవారు మాత్రము కొద్దిమంది. పైన, పెద్ద రాతిబండ నానుకొని సాగిన ఇరుకు తావులో బౌద్ధ విహారముల పునాదులున్నవి. విహారమనగా పూజాస్థలము మాత్రమే కాదు. గురువులు, శిష్యులు కలిసి నివసించి చదువుకొనే చోటు. ఈనాటి మాటలలో వసతిగృహముతో కూడిన కళాశాల. అట్టి కళాశాల కొండమీద నడవవలెనన్న మొదటి ప్రశ్న గ్రంథములు కాదు, నీళ్లు.

శ్రీకాకుళము వైపు సాలిహుండములో ఈ చిక్కు లేదు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలికి తెచ్చిన ఆ స్థలము వంశధార ఒడ్డునున్న కొండ, దిగితే ఏరు. విశాఖపట్టణము, భీమునిపట్టణముల నడుమనున్న బావికొండకు, తొట్లకొండకు ఆ భాగ్యము లేదు. ఈ మూడు జిల్లాలు 1950 వరకు ఒకే జిల్లా కనుక వాటిని పొరుగువారివని మేము అనుకోము. కొండ ఎక్కి చూస్తే ఎదుట సముద్రము. అందులో చుక్కయినా త్రాగుటకు పనికిరాదు.

ఆ భిక్షువులు ఏమి చేసినారో కొండల పేర్లే చెప్పుచున్నవి. ఒకదానిపై రాతిని తొలిచిన తొట్లు, రెండవదానిపై వాననీరు పట్టే బావులు. విహారములు మట్టిలో కలిసి, అక్కడ ఎవరుండిరో ఊరివారు మరచిన పిమ్మట కూడ తొట్లను, బావులను మరువలేదు. 1982–87లో బావికొండపైన, 1988–93లో తొట్లకొండపైన పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపి, ఆ పేర్ల వెనుకనున్న విద్యాపీఠములను బయటపెట్టినది. శాసనముకన్న పిలుపు గట్టిదేమో!

వానకాలము మూడు నెలలు భిక్షువు తిరుగరాదు, ఒకచోటనే ఉండవలెనని వారి నియమము. అనగా విహారము నిండుగా ఉండే కాలము, తొట్టి నిండే కాలము ఒకటే. భిక్షువు దగ్గర ఉండదగిన ఎనిమిది వస్తువులలో నీరు వడగట్టే గుడ్డ ఒకటి. పట్టిన నీటిని ఎట్లు త్రాగవలెనో కూడ ఆలోచించినవారు వారు.

ఈ తూర్పు కనుమల రాతికి ఖోండలైటని పేరు. 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు మన ఖోండుల పేరిట పెట్టినది. గట్టి రాతిలో నీరు నిలువదు; దానిపై శిథిలమై మెత్తబడిన పొరలోను, పగుళ్లలోను నిలుచును. కొండపైని భిక్షువు ఆ నీటిని తొట్టిలో దాచినాడు. మైదానములోని మన కళాశాల అదే నీటిని ఆ పొరలోనికి ఇంకించుకొనవలె. తొట్టి ఒక్కటి చాలదా అన్నచో లెక్క చూడవచ్చును. ఏటా సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ సీమలో 1,000 చదరపు మీటర్ల డాబాపై 10 లక్షల లీటర్లు పడును. నష్టము పోగా 8 లక్షలు చేతికందుననుకొందము. 500 మంది విద్యార్థులు, తలకు 100 లీటర్ల చొప్పున, దానిని 16 రోజులలో వాడివేయుదురు. కనుక డాబానీరు, ఆటస్థలము నీరు, చెట్లక్రింది నీరు అంతయు ఇంకుడుగుంటలకు, పాతబావికి మళ్లవలె.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళము తీరమును తాకినప్పుడు ఊళ్లకు ఊళ్లు కరెంటు లేక నిలిచిపోయినవి. ఆకాశము కుమ్మరించుచునే ఉన్నది. మోటారు తిరుగక బోరుబావులు మూగపోయినవి. ఆ పూట చేదతో తోడుకొనగల బావి ఉన్న ఆవరణ ధన్యము.

విజయనగరములో 1879లో కళాశాలగా ఎదిగిన మహారాజావారి విద్యాలయమున్న పట్టణమే పెద్దచెరువు గల పట్టణము కూడ. పైడితల్లి విగ్రహము దొరికినది ఆ చెరువులోనే అని ప్రజల విశ్వాసము. చెరువును తల్లి పుట్టినింటివలె చూచుటకు ఇంతకన్న కారణమేల? చెరువు నిండితే చుట్టుపట్ల బావులూరునని ముసలమ్మలకు భూగర్భశాస్త్రము చదువకయే తెలియును.

మీ ఊరి కళాశాలలో మూతవేసిన పాతబావి ఏదైన ఉన్నచో విద్యార్థులు మూత తీయించి, తాడు దింపి, మార్గశిరములో ఒకసారి, వైశాఖములో ఒకసారి నీటిమట్టము కొలిచి గోడపై వ్రాసియుంచవచ్చును. ఖర్చు, ఒక తాడు, ఒక సుద్దముక్క.