బైలకుప్పె టిబెటన్ పునరావాస గ్రామాలు

కర్ణాటకలో మైసూరు జిల్లా పిరియాపట్న తాలూకాలో, కొడగు సరిహద్దుకు దగ్గరగా ఉన్న టిబెటన్ కాందిశీకుల స్థావరం. దక్షిణ భారతంలో ఇలాంటి వాటిలో ఇదే మొదటిది. 1960లో మొదలైన లుగ్‌సుంగ్ సామ్‌డుప్‌లింగ్, 1969లో దాని పక్కనే వెలసిన డిక్యి లార్సో కలిసి బైలకుప్పెగా పేరుపడ్డాయి.

1959 మార్చిలో టిబెట్ రాజధాని లాసాలో తిరుగుబాటును చైనా సైన్యం అణచివేసింది. ఆ నెల 31న దలైలామా సరిహద్దు దాటి తవాంగ్ ప్రాంతంలో అడుగుపెట్టారు. ఆయన వెనుకే వేలమంది వచ్చారు. అస్సాంలోని మిస్సమారిలో, బెంగాల్లో ఒకప్పుడు స్వాతంత్ర్య సమరయోధుల్ని నిర్బంధించిన బక్సా కోటలో వారికి శిబిరాలు వేశారు. మంచు దేశపు మనుషులకు మైదానపు ఉక్కపోత పడలేదు, రోగాలు చుట్టుముట్టాయి. ఒంట్లో సత్తువ ఉన్నవారిని హిమాలయ రోడ్ల కూలిపనికి పంపారు. ఇది ఎల్లకాలం సాగేది కాదని నెహ్రూ గ్రహించి, భూమి ఇమ్మని రాష్ట్రాలను అడిగారు.

మైసూరు రాష్ట్రం (నేటి కర్ణాటక) సుమారు 3,000 ఎకరాలు ఇచ్చింది. ఈ ఘనతను సాధారణంగా ఆ రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన ఎస్.నిజలింగప్పకు కట్టబెడతారు, టిబెటన్లు నేటికీ ఆయనను కృతజ్ఞతతో తలుచుకుంటారు. అయితే 1958 మే నుంచి 1962 మార్చి దాకా ముఖ్యమంత్రి బి.డి.జత్తి. ఆయన పేరు ఈ కథలో అంతగా వినపడకపోవడం వింతే.

ఇచ్చిన నేల చాలావరకు అడవి. చెట్లు కొట్టి, ఏనుగులను తరిమికొడుతూ, ఎన్నడూ చూడని వాతావరణంలో మొక్కజొన్న వేశారు. ఖర్చు కేంద్రం భరించగా విదేశీ సంస్థలు చేయి కలిపాయి. టిబెటన్ల పునరావాసం కోసమే 1968లో పుట్టిన ‘మైరాడా’ స్వచ్ఛంద సంస్థ తర్వాతి కాలంలో పేద మహిళల స్వయం సహాయక సంఘాలకు దారి చూపింది. పిల్లల చదువుకు 1961లోనే కేంద్ర విద్యాశాఖ కింద ప్రత్యేక పాఠశాలల వ్యవస్థ ఏర్పడింది. అతిథుల భాషను సర్కారు ఖర్చుతో నిలబెట్టిన ఈ ఏర్పాటు భూదానం కన్నా గొప్పదనిపిస్తుంది. 1963లో నామ్‌డ్రోలింగ్ మఠానికి పునాది పడింది. లాసా దగ్గరి సెరా మఠం కూడా ఇక్కడే మళ్ళీ లేచింది.

తెలుగువారికి టిబెటన్లు ఎక్కువగా తెలిసింది చలికాలపు స్వెటర్ల దుకాణాల వల్లే. ఆ ఉన్ని చాలావరకు లూథియానా సరుకన్నది వేరే సంగతి. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా నిర్వహించిన కాలచక్ర బౌద్ధ దీక్షోత్సవానికి దేశం నలుమూలల నుంచి టిబెటన్లు తరలివచ్చారు.

టిబెటన్లకు భారత్ ఆశ్రయమిచ్చిన ఈ ఉదారతకు చట్టం దన్ను లేదు. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. కాగితం మీద టిబెటన్లు విదేశీయులు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి, సాగు చేసే నేల సొంతం కాదు. 2014 నాటి కేంద్ర విధానం రాష్ట్రాలు 20 ఏళ్ల లీజు రాసివ్వాలంది. 1950 జనవరి 26న గాని ఆ తర్వాత గాని, 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులని ఢిల్లీ హైకోర్టు 2010లో తేల్చింది. అలాంటివారికి పాస్‌పోర్టులు ఇస్తామని విదేశాంగ శాఖ ఒప్పుకున్నది 2017లో. కాకపోతే తీసుకునేవారు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను అప్పగించి, స్థావరం విడిచి, కాందిశీకులకిచ్చే సౌకర్యాలన్నీ వదులుకోవాలని షరతు పెట్టింది.