లోగో: భారతదేశంలో వ్యాపార చిహ్నాల రూపకల్పన చరిత్ర

ఒక వ్యాపార సంస్థను గానీ అది అమ్మే సరకును గానీ చూసీచూడగానే ఆనవాలు పట్టేందుకు వాడే బొమ్మను, అక్షరాల కూర్పును లేదా ఆ రెండూ కలిసిన రూపాన్ని లోగో అంటారు. అటువంటి గుర్తును ఫలానా సరకుకు ఫలానావారే వాడుకోవాలని చట్టం రక్షణ కల్పించినప్పుడు అది వాణిజ్య చిహ్నం, అంటే ట్రేడ్‌మార్కు అవుతుంది. లోగో చరిత్ర రాసేవారు సాధారణంగా ఐరోపా, అమెరికాల చిత్రకారులతో మొదలుపెడతారు గానీ, భారతదేశంలో ఈ కళను ముందుగా తీర్చిదిద్దింది అంగడిలో సరకును అక్షరంతో కాక బొమ్మతో గుర్తుపట్టిన కొనుగోలుదారే. అనేక లిపులున్న దేశంలో, చదువు కొందరికే అందిన కాలంలో, బొమ్మే సరకుకు పేరై నిలిచింది.

సరకు మీద గుర్తు వేసే అలవాటు ఇక్కడ చాలా పాతది. సింధు నాగరికతకు చెందిన లోథల్‌లో దొరికిన మట్టి ముద్రల వెనుకవైపు మూటల నేత, తాళ్ల అచ్చులు కనిపించడం వల్ల, మూటలను కట్టి వాటి మీద ముద్ర వేసి పంపేవారని పురావస్తు శాస్త్రవేత్తలు నిర్ధారించారు. మధ్యయుగంలో రాజ్యాధికారానికి లాంఛనం ఉండేది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల కడియానికి వేసిన ముద్రలో వరాహమూ, త్రిభువనాంకుశ అనే బిరుదూ కలిసి ఉండటాన్ని బట్టి, బొమ్మనూ అక్షరాన్నీ ఒకే చిన్న వృత్తంలో ఇమిడ్చే నేర్పు తెలుగు నేలకు వెయ్యేళ్ల కిందటే తెలుసునని చెప్పవచ్చు. అయితే లాంఛనం అధికారాన్ని చాటుతుంది, వ్యాపార చిహ్నం నమ్మకాన్ని కోరుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం సరికాదు.

ఆధునిక వాణిజ్య చిహ్నానికి పునాది వేసినది బ్రిటన్‌లో 1875లో వచ్చిన నమోదు చట్టం. దాని కింద 1876లో మొదటగా నమోదైనది బాస్ అనే బీరు కంపెనీ వారి ఎర్ర త్రికోణం. అదే కాలంలో లాంకషైర్ మిల్లుల బట్ట ఓడల మీద బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవులకు వెల్లువలా దిగుతుండేది. ఒక మిల్లు తానుకూ మరో మిల్లు తానుకూ పైకి తేడా తెలియదు కాబట్టి, మడత పెట్టిన తాను మీద రంగురంగుల కాగితపు చీటీ అంటించేవారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాతి పలకను సిద్ధం చేసి, ఒకే కాగితాన్ని వాటి మీద వరుసగా అచ్చు వేసే క్రోమోలిథోగ్రఫీ పద్ధతిలో తయారైన ఆ చీటీల మీద లక్ష్మి, కృష్ణుడు, ఏనుగు, పులి, నెమలి వంటి బొమ్మలుండేవి. కొనేవారు మిల్లు పేరు అడగరు, ఫలానా బొమ్మ మార్కు గుడ్డ అని అడుగుతారు. అంచేత చిత్రకారుడు ఎంత అందంగా గీశాడన్నదానికన్నా, నోటితో ఒక్క మాటలో చెప్పగలిగే బొమ్మ గీశాడా లేదా అన్నదే వ్యాపారానికి ముఖ్యమైంది. నేటి రూపకర్తలు లోగో సరళంగా ఉండాలని చెప్పే సూత్రం వెనుక ఇంత స్పష్టమైన అంగడి అవసరం ఉంది.

పేరున్న చీటీకి నకళ్లు పుట్టడానికి ఆలస్యం కాలేదు. 1889లో వచ్చిన సరకుల గుర్తుల చట్టం దొంగ ముద్ర వేయడాన్ని నేరంగా ప్రకటించింది గానీ, గుర్తు ఎవరిదో నమోదు చేసే వ్యవస్థను ఏర్పరచలేదు. ఆ వ్యవస్థ 1940 చట్టంతో గానీ రాలేదు. అప్పటిదాకా యజమానులు తమ సరకుగా మరొకరి సరకు చెలామణి అవుతోందని కోర్టులో నిరూపించుకోవలసి వచ్చేది. ఈ తరహా వ్యాజ్యాన్ని న్యాయశాస్త్రంలో పాసింగ్ ఆఫ్ అంటారు, నమోదు కాని గుర్తులకు ఇప్పటికీ అదే దిక్కు.

స్వదేశీ తయారీదారులు కూడా సరకును ఒక గుర్తుతో అమ్మే బాటలోనే నడిచారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం వ్యాపారం పేరుతోనూ, పసుపు రంగు మందుతోనూ ఇంటింటా గుర్తింపు పొందింది. హైదరాబాదులో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ తన సిగరెట్టుకు చార్మినార్ పేరూ బొమ్మా పెట్టుకోగా, అదే నగరంలోని మరో కంపెనీ ఇళ్ల పైకప్పు రేకులను చార్మినార్ పేరుతోనే అమ్మింది. ఒకే కట్టడం ఇద్దరి గుర్తు కావడానికి చట్టం అడ్డు చెప్పదు, ఎందుకంటే నమోదు సరకు తరగతిని బట్టి జరుగుతుంది. ఇప్పుడు అమల్లో ఉన్న వర్గీకరణలో సరకులకు 34, సేవలకు 11 తరగతులున్నాయి; పొగాకు 34వ తరగతిలోకి, లోహేతర నిర్మాణ సామగ్రి 19వ తరగతిలోకి వస్తాయి. సిగరెట్టు కొనబోయి రేకు కొనేవారు ఉండరన్నదే ఈ విభజనలోని తర్కం.

రెండు గుర్తులు ఎంత దగ్గరగా ఉంటే మోసం అవుతుందన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు అమృతధార, లక్ష్మణ్‌ధార అనే మందుల పేర్ల వివాదంలో, 1962 నాటి తీర్పులో సమాధానం చెప్పింది. విడివిడిగా చూస్తే ఆ పేర్ల అర్థాలు వేరు. అయినా కొనేవారిలో పల్లెవారూ పట్నవాసులూ, చదివినవారూ చదవనివారూ ఉంటారని, సామాన్యమైన తెలివీ అసంపూర్ణమైన జ్ఞాపకమూ గల మనిషి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడని, మొత్తం మీద వినిపించే పోలికే అతణ్ని పొరపాటు పడేలా చేస్తుందని కోర్టు భావించింది. లోగో రూపకర్తకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం మరొకటి దొరకదు: చిహ్నాన్ని బల్ల మీద పరిశీలించేవాడి కంటికి కాక, సగం గుర్తుపెట్టుకున్నవాడి మనసుకు సరిపోయేలా గీయాలి.

సంస్థ మొత్తానికీ ఒకే దృశ్యరూపం కల్పించడమనే ఆలోచనకు జర్మనీలో పీటర్ బెహ్రెన్స్ 1907 నుంచి ఏఈజీ విద్యుత్ కంపెనీకి చేసిన పని ఆద్యంగా నిలిచింది. అమెరికాలో పాల్ రాండ్ 1956లో ఐబీఎం అక్షరాలను దిద్ది, 1972లో వాటిని ఎనిమిది గీతల రూపానికి తెచ్చాడు. భారతదేశంలో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఫలితంగా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. అక్కడి దేవాశిష్ భట్టాచార్య గీసిన కన్ను వంటి రూపం దూరదర్శన్ చిహ్నమైంది.

ఆ సంస్థకే చెందిన శేఖర్ కామత్ రూపొందించగా 1971లో వాడుకలోకి వచ్చిన స్టేట్ బ్యాంక్ చిహ్నం దగ్గరి నుంచి చూడదగినది. అంతకుముందున్న మర్రిచెట్టు గుర్తులో కొమ్మలు, ఊడలు చిన్న అచ్చులో కలిసిపోయే వీలుండగా, కొత్త చిహ్నంలో ఉన్నది నిండు నీలి వృత్తం, దాని నడుమ చిన్న తెల్లని వృత్తం, అక్కడి నుంచి నిట్టనిలువుగా అంచు దాకా దిగే సన్నని చీలిక మాత్రమే. కొందరికి అది తాళం కప్ప రంధ్రంలా, కొందరికి పెద్ద వ్యవస్థ నడుమ నిలిచిన సామాన్యుడిలా కనిపిస్తుంది. అర్థం ఏదైనా, ఒక్క రంగుతో రబ్బరు స్టాంపు మీదా, పాసుపుస్తకం మీదా, వీధి చివరి నుంచి కనిపించే బోర్డు మీదా అది చెక్కుచెదరదు. అనుబంధ బ్యాంకులు కూడా ఇదే వృత్తాన్ని వాడినందువల్ల, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ విలీనమైనప్పుడు బోర్డుల మీద పేరు మారింది గానీ ఖాతాదారుకు తెలిసిన ఆకారం మారలేదు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు మాత్రం పేరుతోపాటు గుర్తూ పోయింది. తెలుగు పాఠకులకు ఇది చిన్న నష్టంగా తోచదు.

విచిత్రమేమంటే, స్టేట్ బ్యాంక్ ఆ వృత్తాన్ని స్వీకరించిన నాడు బ్యాంకింగ్ సేవ పేరిట దాన్ని నమోదు చేసుకునే వీలే లేదు, ఎందుకంటే 1958 నాటి చట్టం సరకులకే వర్తించేది. సేవలకు ఆ హక్కు 1999 చట్టంతో, అది 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చాక లభించింది. ఈ చట్టం ఆకారాన్నీ రంగుల కలయికనూ కూడా గుర్తులుగా ఒప్పుకుంది. 2017లో ముంబయి తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్ భవన రూపం కూడా నమోదైంది. ఒకసారి నమోదైన హక్కు 10 సంవత్సరాలు ఉంటుంది, ఆపై ఎన్నిసార్లయినా పునరుద్ధరించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యాపారులకు సంబంధించిన నమోదు కార్యాలయం చెన్నైలో ఉంది. వస్తువు గుణాన్నే చెప్పే మాటలకు సాధారణంగా నమోదు దొరకదు. తీపి అన్న పేరు ఒక మిఠాయి దుకాణానికే దక్కితే మిగతావారు తమ సరకును వర్ణించుకోలేరు కదా.

తెలుగు లిపిలో లోగో గీయడానికి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. తలకట్టు, గుడి వంటివి అక్షరం పైకి, వత్తులు కిందికి వెళ్లడం వల్ల, అదే పొడవున్న ఇంగ్లీషు పేరుకన్నా తెలుగు పేరుకు ఎత్తు ఎక్కువ కావాలి. బోర్డు మీద నిండుగా కనిపించే వత్తు సెల్‌ఫోను తెర మీది చిన్న గడిలో చుక్కగా మారిపోతుంది. బాపు చేతిరాత సినిమా పేర్ల మీదుగా ఫాంటుగా మారి దుకాణాల బోర్డులకెక్కినప్పుడు తెలుగు అక్షరానికి సొగసు దక్కింది గానీ, ఎందరో వాడటంతో అది ఏ ఒక్కరి ఆనవాలూ కాలేకపోయింది. అందుచేత తెలుగు పేరును పూర్తిగా కూర్చడానికి బదులు మొదటి అక్షరాన్ని ఒక్కదాన్నే చెక్కి, దాని లోపలి ఖాళీని వెడల్పు చేసి, వత్తులేని రూపంగా తీర్చడం చిన్న తెరలకు ఎక్కువ అనువైన పద్ధతి.